పాత హార్డ్ డిస్కులో డోజ్‌కాయిన్ వాలెట్‌ను వెతికి తీసిన నా అనుభవం

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, అంటే 2014లో, తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి మిద్దెమీది గదిలో కంప్యూటర్ పెట్టుకుని డోజ్‌కాయిన్లు అనే క్రిప్టో నాణేలు తవ్వేవాడు, అంటే కంప్యూటర్‌తో లెక్కలు చేయించి బహుమతిగా నాణేలు పొందేవాడు. ఆ నాణేలను ఖర్చు పెట్టడానికి కావలసిన రహస్య సంఖ్యలు, అంటే తాళాలు, ఉన్న వాలెట్ ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. నిరుడు ఇంటికి రంగులు వేయించేటప్పుడు అటక మీద ఉన్న ఆ సీపీయూను కిందికి దించారు. పాత సామాన్లవాడికి వేసేద్దామని నాన్న అన్నారు గాని, నేను వద్దని పక్కన పెట్టించాను. డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్స్ చెప్పడం నా ఉద్యోగం కనుక డిస్కుల సంగతి కొంత తెలుసు. తమ్ముడికి డోజ్‌కాయిన్ సంగతి తెలుసు. మేమిద్దరం కలిసి చేసిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పెట్టెలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉండి ఉంటాయి. వాటిని ఆత్రంగా ఆన్ చేసి చూడబోయేవాళ్లకు ఇది ముందే అందాలని నా కోరిక.

ముందు ఆ కాలం సంగతి కొంత చెప్పాలి. డోజ్‌కాయిన్ 2013 డిసెంబరులో మొదలైంది. బిట్‌కాయిన్‌లో పది నిమిషాలకు ఒక బ్లాకు, అంటే లావాదేవీల చిట్టాలో ఒక పుట, చేరితే ఇందులో నిమిషానికి ఒకటి చేరేది, తొలినాళ్లలో ఒక్కో బ్లాకుకు ఇచ్చే బహుమతి పది లక్షల నాణేల లోపు ఎంతైనా కావచ్చు. లైట్‌కాయిన్ అనే మరో నాణెం మాదిరిగానే స్క్రిప్ట్ అనే గణన పద్ధతి మీద నడిచేది కాబట్టి, ఆటలు ఆడుకోవడానికి కొన్న గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఏ విద్యార్థి అయినా ఒక పూల్‌లో, అంటే కలిసి తవ్వి వచ్చినది పంచుకునే గుంపులో, చేరి తవ్వగలిగేవాడు. నాణెం ధర అప్పట్లో పైసల్లో ఉండేది. మా ఇంట్లో అది కరెంటు బిల్లుగానే కనిపించింది, నాన్న అడిగినప్పుడల్లా తమ్ముడు ప్రాజెక్టు పని అని చెప్పేవాడు. 2014లోనే స్క్రిప్ట్ కోసమే తయారుచేసిన యంత్రాలు రావడం, సెప్టెంబరులో డోజ్‌కాయిన్ తవ్వకాన్ని లైట్‌కాయిన్ తవ్వకంతో కలిపివేయడం జరిగాక ఇంటి కంప్యూటర్‌తో తవ్వే పని గిట్టుబాటు కాకుండా పోయింది. తమ్ముడు చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. తరవాత కంప్యూటర్ నెమ్మదించిందని ఊళ్లోని ఒక దుకాణంలో సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేయించి విండోస్ మళ్లీ వేయించుకున్నాం. 2021 మేలో డోజ్‌కాయిన్ ధర 70 అమెరికన్ సెంట్లు దాటినప్పుడు తమ్ముడికి ఆ పాత వాలెట్ గుర్తొచ్చింది. అయితే ఫార్మాట్ అయిన డిస్కులో ఇంకేముంటుందని ఆ ఆశను అప్పుడే వదులుకున్నాడు.

ఇలాంటి పని డిస్కుతో మొదలుపెట్టకూడదని, బ్లాక్‌చెయిన్‌తో, అంటే అందరికీ కనిపించే ఆ లావాదేవీల చిట్టాతో, మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ నాణేలే లేకపోతే డిస్కు వెతకడం వృథా, ఉంటే ఏ చిరునామాకు (నాణేలు చేరే ఖాతా సంఖ్య లాంటిది) సంబంధించిన తాళం కావాలో కచ్చితంగా తెలుస్తుంది. తమ్ముడి పాత ఈమెయిల్‌లో పూల్ వాళ్లు పంపిన ఉత్తరాలు ఉన్నాయి, వాటిలో అతడి చిరునామా ఉంది. డోజ్‌కాయిన్ చిరునామాలు సాధారణంగా డి అక్షరంతో మొదలవుతాయి, వాటి జమాఖర్చులు ఎవరైనా చూడవచ్చు. ఆ చిరునామాలో పూల్ నుంచి వచ్చిన చిన్న చిన్న జమలు వరసగా కనిపించాయి, ఒక చోట మాత్రం అప్పటిదాకా చేరినదంతా ఒకే లావాదేవీలో బయటికి వెళ్లిపోయి ఉంది. ఆ తరవాత మళ్లీ కొద్దిపాటి జమలు వచ్చి ఆగిపోయాయి.

"అక్కా, ఎవరో కాజేశారు. ఇంక వదిలెయ్," అన్నాడు తమ్ముడు ఫోన్‌లో.

నేను ఆ లావాదేవీని విప్పి చూశాను. దానికి రెండు గమ్యాలున్నాయి. ఒకటి గుండుసున్నాలతో ముగిసే చక్కటి మొత్తం. రెండోది అంతకన్నా ఎంతో పెద్దది, దశాంశ బిందువు తరవాత బోలెడు అంకెలున్న చిల్లర మొత్తం. అది చేరిన చిరునామా మాకు కొత్తది, ఆ రోజు నుంచి ఒక్క నాణెం కూడా అక్కడినుంచి కదలలేదు. ఐదు వందల నోటిచ్చి యాభై రూపాయల సరుకు కొంటే అంగడివాడు మిగతా చిల్లర తిరిగి ఇచ్చినట్టే, బిట్‌కాయిన్ కుటుంబానికి చెందిన నాణేలలో ఖర్చు పెట్టగా మిగిలిన చిల్లర తిరిగి మనకే వస్తుంది. అయితే ఆనాటి వాలెట్ ప్రోగ్రాములు ఆ చిల్లరను పాత చిరునామాలో వేయకుండా, మనకు చూపించకుండానే కొత్త చిరునామా ఒకటి తీసి దానిలో వేసేవి. ఆ గుండు మొత్తం హాస్టల్ స్నేహితుడికి పంపానని తమ్ముడికి నెమ్మదిగా గుర్తొచ్చింది. అంటే ఎవరూ కాజేయలేదు. నాణేల్లో అధికభాగం తమ్ముడెన్నడూ చూడని ఒక చిరునామాలో అలాగే ఉంది, మాకు కావలసింది దాని తాళం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, ఇది తెలియక నిరాశపడేవాళ్లు ఉంటారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఆనాటి డోజ్‌కాయిన్ వాలెట్ బిట్‌కాయిన్ ప్రోగ్రాము నుంచి పుట్టినదే. దాని ఫైలు పేరు వాలెట్.డ్యాట్. ఇప్పటిలా ఒకే మూల సంఖ్య (విత్తనం) నుంచి అన్ని తాళాలూ పుట్టే ఏర్పాటు అప్పుడు లేదు, బిట్‌కాయిన్‌కే అది 2016లో వచ్చింది. ప్రతి తాళమూ దేనికదే యాదృచ్ఛికంగా తయారయ్యేది. ముందుజాగ్రత్తగా ప్రోగ్రాము 100 తాళాలను తయారుచేసి ఫైలులో నిలవ ఉంచేది, కాబట్టి పాత బ్యాకప్ ఉన్నా తరవాతి చిల్లర చిరునామాల తాళాలు సాధారణంగా అందులోనే దొరుకుతాయి. కాని వాలెట్‌కు పాస్‌వర్డ్ పెట్టిన క్షణంలో ఆ నిలవ మొత్తాన్ని రద్దుచేసి ప్రోగ్రాము కొత్త నిలవ తయారుచేస్తుంది. పాస్‌వర్డ్‌కు ముందు తీసుకున్న బ్యాకప్‌లో తరవాతి చిల్లర తాళం ఉండదు. తమ్ముడు బ్యాకప్ తీసుకున్నది ముందా, పాస్‌వర్డ్ పెట్టింది ముందా అన్న ఒక్క ప్రశ్న మీద మా పని అంతా ఆధారపడి ఉంది, అతడికేమో ఆ క్రమం గుర్తులేదు.

ఇక డిస్కు. ఆ సీపీయూను మేము ఆన్ చేయలేదు. విండోస్ 7 ఉన్న కంప్యూటర్ ఆన్ అయిన మరుక్షణం నుంచి డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. పేజ్ ఫైలు, తాత్కాలిక ఫైళ్లు, లాగ్‌లు సరే, వారానికోసారి దానంతటదే ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ పని కూడా అందులో నియమమై ఉంటుంది. ఫార్మాట్ అయిన డ్రైవ్‌లో పాత సమాచారం ఇంకా మిగిలి ఉందంటే దాని మీద కొత్తది పడలేదు కాబట్టే. ఆ స్థలం ఖాళీదేనని విండోస్ నమ్ముతుంది, ఎప్పుడైనా వాడేసుకుంటుంది. పక్కింటివాళ్ల అబ్బాయి వచ్చి ఒక్కసారి ఆన్ చేసి చూద్దామన్నప్పుడు నేను కొంచెం గట్టిగానే వద్దన్నాను. మూత విప్పి, ఆ 500 జీబీ శాటా డిస్కును బయటికి తీసి, గాంధీరోడ్డులో కొన్న ఒక శాటా డాక్‌లో (డిస్కును బయటి నుంచి తగిలించే పెట్టెలో) పెట్టి, లినక్స్ ఉన్న నా లాప్‌టాప్‌కు తగిలించాను. తగిలించే ముందు, కొత్త డిస్కును చూడగానే దానంతటదే తెరిచే సదుపాయాన్ని లాప్‌టాప్‌లో ఆపివేశాను.

కాపీ తీయడానికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము వాడాను. అది ఫైళ్లను కాక డిస్కును మొదటి సెక్టారు (డిస్కులోని చిన్న గడి) నుంచి చివరి సెక్టారు దాకా ఉన్నదున్నట్టుగా ఒక పెద్ద ఫైలుగా దించుతుంది. చెడిన చోటు తగిలితే అక్కడే తల బాదుకోకుండా దాటిపోయి, బాగున్న భాగాలన్నీ తీశాక మళ్లీ ఆ చెడిన చోట్లకు తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా పని మొదటికి రాదు. తిరుపతి ఎండల్లో పాత డిస్కు త్వరగా వేడెక్కుతుంది, అందుకని రాత్రిపూట, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి నడిపాను. డిస్కులో కొన్ని సెక్టార్లు చదవడానికి రాలేదు, అవి మా అదృష్టం కొద్దీ వేరేచోట ఉన్నాయి. కాపీ అయ్యాక దానికి ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తం, అంటే కాపీలో ఏం మారినా పట్టిచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య, కట్టి రాసుకుని, ఇంకో డిస్కులోకి రెండో ప్రతి తీసి, అసలు డిస్కును కవరులో పెట్టి బీరువాలో దాచాను. ఆ తరవాత మేము చేసిన వెతుకులాట అంతా ప్రతి మీదే జరిగింది.

ఫార్మాట్ చేసింది సి డ్రైవ్‌ను మాత్రమే కనుక డి డ్రైవ్ చెక్కుచెదరలేదు. అందులో సెమిస్టరు నోట్సు, కజిన్ పెళ్లి ఫొటోలు, సినిమాలు, వాటి మధ్య పేరు మార్చిన ఫైళ్లు బోలెడున్నాయి. వాలెట్.డ్యాట్ అన్న పేరుతో వెతికితే ఏమీ దొరకలేదు. అయితే ఆ ఫైలు బర్కిలీ డీబీ అనే డేటాబేస్ రూపంలో ఉంటుంది, దాని పన్నెండో బైటు దగ్గర 62 31 05 00 అనే గుర్తు ఉంటుంది. పేరు ఏదైనా ఆ గుర్తు ఉన్న ఫైళ్లను ఏరే చిన్న పైథాన్ ప్రోగ్రాము రాశాను. ల్యాబ్ రికార్డుల ఫోల్డరులో, వర్డ్ ఫైలు పొడిగింపుతో ఒకటి బయటపడింది. అది తమ్ముడి బ్యాకప్. దానికి పాస్‌వర్డ్ లేదు! పూల్ జమలు పడే పాత చిరునామా తాళం అందులో ఉంది. చిల్లర చిరునామా తాళం లేదు. అంటే బ్యాకప్ ముందు, పాస్‌వర్డ్ తరవాత. చిన్న మొత్తం చేతికొచ్చినట్టే. పెద్ద మొత్తం తాళం మాత్రం ఫార్మాట్ అయిన సి డ్రైవ్‌లోని వాలెట్‌లో ఉండాలి.

సి డ్రైవ్‌లో ఆ ఫైలు ఒకప్పుడు ఉండిన చోటు తెలిసిందే: యూజరు పేరు కింద యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో డోజ్‌కాయిన్. యాప్‌డేటా ఫోల్డరును విండోస్ మామూలుగా దాచి ఉంచుతుంది, అందుకే ఫార్మాట్‌కు ముందు డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ కాపీ చేసుకున్నవాళ్లు కూడా దీన్ని వదిలేస్తారు. దుకాణంలో చేసింది క్విక్ ఫార్మాట్. అది పాత విషయసూచికను తీసేసి కొత్తది వేస్తుందే తప్ప, పుటలన్నింటినీ చెరపదు. అయినా కొత్త విండోస్, దాని అప్‌డేట్లు పాత స్థలంలో చాలా భాగాన్ని ఆక్రమించాయి. ముందు ఆశ ఉందో లేదో తేల్చుకోవడానికి, స్నేహితుడికి పంపిన ఆ లావాదేవీ గుర్తును కాపీలో పాఠంగా వెతికాను. డోజ్‌కాయిన్ ప్రోగ్రాము రాసుకునే డీబగ్ లాగ్ తునక ఒకటి దొరికింది, అందులో ఆ లావాదేవీ నమోదై ఉంది. ఈ డిస్కు నుంచే అది జరిగిందని, చిల్లర తాళం ఇక్కడే పుట్టిందని అప్పుడు రూఢి అయింది. తమ్ముడికి ఆ వరుసను ఫొటో తీసి పంపితే ఆ వారాంతమే బస్సెక్కి వచ్చేశాడు.

మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్లు మాకు ఉపయోగపడలేదు, దానికి కారణం ఉంది. అవి ఫైలును మొత్తంగా తీయడానికి చూస్తాయి. రోజూ మార్పులకు లోనయ్యే వాలెట్ ఫైలు డిస్కు మీద ముక్కలుగా ఉంటుంది, మొదటి ముక్క మీద వేరేది పడితే ఆ సాఫ్ట్‌వేర్లకు ఫైలే లేనట్టు. మాకు ఫైలుతో పని లేదు, అందులోని రెండు రకాల రికార్డులు చాలు. ఒకటి ఎంకీ, అంటే పాస్‌వర్డ్‌తో మరుగుపరిచిన మాస్టర్ కీ. రెండోది సీకీ, అంటే ఆ మాస్టర్ కీతో మరుగుపరిచిన ఒక్కో చిరునామా తాళం. ప్రతి రికార్డు ముందూ దాని పేరు పొడవు, పేరు స్పష్టంగా ఉంటాయి. మాస్టర్ కీ 48 బైట్లు, దానితోపాటు 8 బైట్ల సాల్ట్ (పాస్‌వర్డ్‌తో కలిపే యాదృచ్ఛిక సంఖ్య), ఎన్నిసార్లు గణన చేయాలో చెప్పే సంఖ్య ఉంటాయి. డిస్కు కాపీ అంతటా ఈ ఆకృతుల కోసం వెతకడమే పని. పైవాలెట్ అనే పాత పైథాన్ ప్రోగ్రాము ఇదే చేస్తుంది. మేము దానితో ఒకసారి, నా సొంత ప్రోగ్రాముతో మరోసారి వెతికి ఫలితాలను పోల్చుకున్నాం.

ఎంకీ ఒక్కటే దొరికింది, దాని నకళ్లు రెండు మూడు చోట్ల ఉన్నాయి. సీకీలు చాలా దొరికాయి, అయితే కొన్ని సగం తెగి ఉన్నాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఒకటుంది. సీకీ రికార్డులో చిరునామా తాళం దాగి ఉన్నా, దాని పబ్లిక్ కీ (ఆ తాళానికి జతగా ఉండే, దాచనక్కరలేని సంఖ్య) మాత్రం తెరిచే ఉంటుంది. దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256, ఆపైన రైప్‌ఎండీ-160 అనే గణనల ద్వారా పంపి, డోజ్‌కాయిన్ గుర్తు తగిలించి రాస్తే చిరునామా వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ తెలియకముందే, దొరికిన రికార్డుల్లో మనకు కావలసినది ఉందో లేదో చెప్పేయవచ్చు. అలా చిరునామాల జాబితా తయారుచేసి, చిల్లర చిరునామాతో పోల్చాం. అది ఉంది, రికార్డు పూర్తిగా ఉంది. తమ్ముడు లేచి వంటింట్లోకి వెళ్లి అమ్మకు చెప్పాడు. అమ్మ డబ్బు వచ్చేసిందనుకుంది. ఇంకా రాలేదు.

పాస్‌వర్డ్ మిగిలింది. ఈ వాలెట్లలో ఒక్కో ఊహను పరీక్షించడానికి ఎస్‌హెచ్‌ఏ-512 గణనను తక్కువలో తక్కువ 25,000 సార్లు చేయాలి, కంప్యూటర్ వేగాన్ని బట్టి ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. కాబట్టి అన్ని అక్షరాల కూర్పులనూ గుడ్డిగా ప్రయత్నించడం కుదరదు, మనిషి జ్ఞాపకంతోనే దారిని కుదించాలి. తమ్ముడిని కూర్చోబెట్టి 2014లో అతడు వాడిన పదాలన్నీ రాయించాను. అప్పట్లో అతడి పాస్‌వర్డులన్నిటిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాల పేర్లు వచ్చేవి: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. వాటి వెనక ఒక బండి నెంబరో, రోల్ నెంబరో, చివర ఒక గుర్తో ఉండేవి. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు దీర్ఘానికి ఒక ఏ పెట్టాడా రెండా, త పక్కన హెచ్ ఉందా లేదా అన్న తేడాలతో ఒక్కో పేరుకు ఎన్నో రూపాలొస్తాయి. వీటన్నిటినీ ముక్కలుగా రాసి బీటీసీరికవర్ అనే ఉచిత ప్రోగ్రాముకు ఇస్తే, అదే కూర్పులు కట్టి ఒక్కొక్కటీ పరీక్షిస్తుంది.

పాస్‌వర్డును పరీక్షించడానికి ఎంకీ రికార్డు ఒక్కటి చాలు, నాణేలు తీయడానికి మాత్రం సీకీ కూడా కావాలి. వేగమైన యంత్రం కోసం ఎవరి సహాయమైనా అడగవలసి వస్తే ఎంకీని మాత్రమే ఇవ్వాలని అనుకున్నాం. వాలెట్ ఫైలు మొత్తం పంపండి, వచ్చిన దానిలో వాటా తీసుకుంటాం అని చెప్పే అపరిచితులను నమ్మవద్దని చదివేవాళ్లను బతిమాలి చెబుతున్నాను. మాకు ఆ అవసరం రాలేదు. ఇంటర్నెట్ తీసేసిన నా లాప్‌టాప్ రాత్రంతా నడుస్తుండగా, ఒక తెల్లవారుజామున పాస్‌వర్డ్ దొరికినట్టు తెర మీద కనిపించింది. ఏ వేషమన్నది మాత్రం రాయను, అది తమ్ముడి సొంత విషయం.

తాళాలు విప్పాక నాణేలను తరలించడం కూడా శ్రద్ధగా చేయవలసిన పనే. తమ్ముడు ముందుగానే ఒక హార్డ్‌వేర్ వాలెట్ (తాళాలను దాచే చిన్న పరికరం) కొని, దాని 24 పదాలను కాగితం మీద రాసి, ఆ పదాలతో వాలెట్‌ను మళ్లీ తెరవగలనని ఒకసారి నిర్ధారించుకున్నాడు. చిల్లర చిరునామా నుంచి ముందు కొద్ది నాణేలు పంపి, అవి చేరాక మిగతావి పంపాడు. అక్కడ ఇబ్బంది లేదు. ఆశ్చర్యంగా, చిన్న మొత్తమే ఎక్కువ సమయం తీసుకుంది. పూల్ నుంచి వచ్చిన ప్రతి చిన్న జమా లావాదేవీలో విడిగా సుమారు 148 బైట్ల చోటు తీసుకుంటుంది, లావాదేవీ లక్ష బైట్లకు మించితే నెట్‌వర్కు దాన్ని ముందుకు పంపదు, అందుకని వాటిని విడతలుగా పంపవలసి వచ్చింది.

పన్ను సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు ఉన్నాయి. ఆ సంవత్సరం జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కోత ఉంది. కొన్న ఖర్చు తప్ప మరేదీ తగ్గించుకోవడానికి వీల్లేదు, తవ్వకానికి పెట్టిన సదుపాయాల ఖర్చు కొన్న ఖర్చు కిందికి రాదని ప్రభుత్వం 2022లో పార్లమెంటులో చెప్పింది. అందువల్ల 2014 నాటి కరెంటు బిల్లులకు ఇప్పుడు విలువ లేదు, మా ఆడిటరు కొన్న ఖర్చును సున్నాగానే చూపించారు. క్రిప్టో ఎక్స్ఛేంజీలు 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, కాబట్టి నాణేలు ఎక్కడివని అడిగితే చూపించడానికి పూల్ ఈమెయిళ్లను, లావాదేవీల పట్టికను, డిస్కు కాపీ తీసిన తేదీని ఒక ఫోల్డరులో చేర్చి పెట్టాం. తమ్ముడు కొంత భాగం అమ్మి, టీడీఎస్ పోగా వచ్చిన మొత్తంలోంచి పన్నుకు ముందే పక్కన పెట్టి, మిగిలినదానితో నాన్న ఇంటి అప్పు తీర్చాడు. మిగతా నాణేలు హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉన్నాయి. డి డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలను నేను అమ్మ ఫోన్‌లోకి ఎక్కించాను.